పీకి చూసిన ముల్లంగి

ఈ ఉదయం బుక్కరాయసముద్రంలో మా ఇంటి పక్క బడిపిల్లలు తాము వేసిన కూరగాయల తోట చూద్దురు రమ్మని నన్ను పిలుచుకుపోయారు. ముల్లంగి మడి దగ్గర నాకు నవ్వు ఆగలేదు. ఎందుకో ఆ పిల్లలకు అర్థం కాలేదు గాని, నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

నల్లమాడ దగ్గర మా ఊరి బడిలో నేను ఏడో తరగతి చదివేటప్పుడు, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ మాచేత ముల్లంగి వేయించింది. వేపచెట్లు ఎర్రగా చిగురేస్తూ, అరుగుల మీద ఆడవాళ్లు చింతకాయ కొడుతూ, ఊరంతా పుల్లటి వాసన వేసే రోజులవి. నీళ్లకే కటకట. ఉగాదిలోపు ఒక్క గడ్డైనా కంటికి కనపడకపోతే తోట ఎత్తేయిస్తానని హెడ్మాస్టరు ముందే చెప్పేశాడు. మేము బియ్యం కడిగిన నీళ్లు చెంబుల్లో ఒలకకుండా తెచ్చి పోసేవాళ్లం. బియ్యమంటున్నాను గాని, మా ఇళ్లలో అప్పుడు ఉడికేవి కొర్రలే.

ఆ మడికి నేనే పెద్దను. అయితే నాకు తెలిసిన సేద్యమంతా మా నాయనది. వేరుశనగ ఊరిందో లేదో చూడటానికి ఆయన చేని మూల ఒక చెట్టు పీకి, మన్ను దులిపి, కాయ ఒలిచి చూసేవాడు. నేనూ అంతే, రోజూ పొద్దున్నే ఒక ముల్లంగి పీకి, చూసి, మళ్లీ గుంటలో పెట్టి నీళ్లు పోసేదాన్ని. వారం తిరక్కుండా సగం మొక్కలు వాడిపోయాయి. మట్టి చవుడేమో, తనకే చేతకాలేదేమో అని టీచరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని, తోట ఎత్తేద్దామనేసింది.

ఆ రాత్రి అన్నం సయించక నాయనకు చెప్పేశాను. ఆయన పడీ పడీ నవ్వి, తెల్లారి చేను పని వదిలేసి, ఎన్నడూ బడి గడప తొక్కని మనిషి నా చెయ్యి పట్టుకుని వచ్చాడు.

“మట్టిదీ తప్పు గాదు, నీదీ తప్పు గాదమ్మా. నేను శనక్కాయ చెట్టు పీకేది చూసి ఈ పాప నేర్చుకున్యాది. తప్పు నాది. తోట ఎత్తేయొద్దండి సార్,” అన్నాడు టీచరమ్మతో, హెడ్మాస్టరుతో, తలగుడ్డ తీసి చేత పట్టుకుని.

ఇంకెవరు పీకారని టీచరమ్మ అడిగితే, ఒక్కొక్కటిగా తరగతిలో చేతులన్నీ లేచాయి. అందరమూ శనక్కాయ ఇళ్ల పిల్లలమే మరి. హెడ్మాస్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. మిగిలిన మొక్కలను ఎవరమూ ముట్టలేదు. ఉగాది ముందురోజు టీచరమ్మ నన్నే పీకమంటే కళ్లు మూసుకుని పీకాను. వేలంత గడ్డ వచ్చింది. తోట నిలిచింది.

నాయన పోయి చాలా ఏళ్లయింది. మా చేలో ఇప్పుడు చీనీ, అదే బత్తాయి, చెట్లున్నాయి, వాటిని చూసుకునేది కౌలుదారు. ఆ రోజు ఆయన తప్పు తనమీద వేసుకున్నాడు గాని, నిజానికి అది నా ఆత్రం. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఇప్పటి పిల్లలు నాకంటే తెలివైనవాళ్లు, అలాంటి తప్పు చేయరు. చేయడానికి, వాళ్లు నాయన వెంట చేనికి పోయి ఉండాలి కదా.