ఒంటి చేత్తో వేసిన ముడి

2022 నాటి మాట. కోవిడ్ తగ్గి, పోర్ట్ బ్లెయిర్‌కు టూరిస్టులు మళ్లీ రావడం మొదలైంది. అబర్డీన్ బజార్‌లో బస్టాండు వైపు దిగే సందులో మాకు మగవాళ్ల బట్టల షాపు ఉంది. మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి ప్రభుత్వోద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. కొలతలూ కుట్టుపనీ మా ఆయన చూసుకుంటారు, కౌంటర్ నాది.

ఈ అండమాన్ దీవుల్లో టై కొనేవాళ్లు తక్కువ. ఈ ఉక్కకు మెడ దగ్గర బొత్తాం పెట్టుకోవడమే కష్టం. పెళ్లికొడుకులు, ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు, ఓడల మీద పనిచేసేవాళ్లు, హోటళ్ల ఫ్రంట్ ఆఫీసు వాళ్లు, అంతే. వాళ్లలోనూ చాలామంది ఒక్క టై కొని అది పాడయ్యేదాకా వాడతారు. పట్టు టై మడిచి బీరువాలో పెడితే ఒక్క వానాకాలంలో బూజు మచ్చలు తేలతాయి. రోజూ టై కట్టాల్సినవాళ్లకు నేను చెప్పేది ఇదే: డజను అక్కర్లేదు, నాలుగైదు చాలు, కానీ ప్రతి టై మీ దగ్గరున్న ప్రతి చొక్కా మీదికీ రావాలి. మార్చి మార్చి కట్టి, విప్పినవి గాలి తగిలేలా వేలాడదీయాలి.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం దిలీప్ వచ్చాడు. పాతికేళ్లు ఉంటాయేమో. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. చొక్కా చేతిని అక్కడికి మడిచి పిన్ను పెట్టుకున్నాడు.

"దీదీ, టై దిఖావో. క్లిప్ వాలా నహీ," అన్నాడు, టై చూపించమని, క్లిప్‌ది వద్దని. నేను మా ఆయనతో తెలుగులో మాట్లాడడం విని తెలుగులోకి మారాడు. "ముడేసి కట్టుకునేది కావాల."

క్లిప్ టై అంటే ముడి ముందే కుట్టేసి ఉంటుంది, కాలర్‌కు తగిలించుకుంటే చాలు. అతను నోరు తెరవక ముందే, ఆ మడిచిన చొక్కా చెయ్యి చూసి, నా చెయ్యి క్లిప్ టైల డబ్బా మీదికి పోయింది. అతను చూశాడు.

"హోటల్లో చేరిన మొదటి వారం అదే పెట్టుకున్నాను దీదీ. గెస్ట్ బ్యాగ్ ఎత్తుతుంటే ఊడి కింద పడిపోనాది. ఆయనే తీసి ఇచ్చాడు. ఇచ్చినాక నా చెయ్యి చూసి సారీ, సారీ అన్నాడు. లాబీలో అందరూ చూసారు. మళ్లీ అది నాకొద్దు."

"మరి కట్టేదెవరు?"

"మా నాన కడతాడు. పొద్దున్నే, నేను ఫెర్రీకి బయల్దేరేముందు."

వాళ్లది హార్బర్‌కు అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్. చేపల వేట కుటుంబం. దిలీప్ కాలేజీ చదివాడు, హిందీ, బెంగాలీ, తమిళం, ఇంగ్లీషు అన్నీ వచ్చు. అందుకే ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగం దొరికింది. హోటల్ ఇచ్చిన కోటు నలుపు, చొక్కాలు తెలుపూ లేత నీలమూ. ఆ రోజు ముదురు నీలం ప్లెయిన్ టై ఇచ్చాను. మిగిలిన టైలన్నీ పాడైనా అదొక్కటి మనిషిని నిలబెడుతుంది. తర్వాత జీతం అందినప్పుడల్లా వచ్చేవాడు. రెండోది మెరూన్, సన్నటి తెల్ల చుక్కలతో. ఆ తర్వాత బూడిదరంగు మీద నీలి చారలది. టై కొస బెల్టు బకిల్‌ను తాకి ఆగాలనీ, ముడి వెడల్పు కాలర్‌ను బట్టి ఉండాలనీ ఒక్కసారి చెబితే పట్టుకునేవాడు.

చారల టై కొన్నరోజు డబ్బా చేతిలో పెట్టుకుని కూడా కదల్లేదు. "దీదీ, ఒంటి చేత్తో కట్టడం అవుతాదా? నేర్పుతారా?"

నాకూ తెలియదు. ప్రయత్నించి చెబుతానన్నాను. ఇంట్లో ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. మా ఆయన మొదట నవ్వారు, తర్వాత ఆయనా ఒక టై తీసుకుని పక్కన నిలబడ్డారు. కొన్నాళ్లకు దారి దొరికింది. టై సన్నకొసను గట్టి క్లిప్పుతో చొక్కా బొత్తాల పట్టీకి బిగించాలి. అప్పుడు అది కదలదు. వెడల్పు కొసను ఒక్క చేత్తో దానిచుట్టూ తిప్పి, మెడ దగ్గర్నుంచి పైకి తీసి, ముందున్న మడతలోంచి కిందికి లాగి, ముడిని పైకి జరపొచ్చు. నున్నటి పట్టు అయితే జారిపోతుంది. నిట్ టై, అంటే స్వెటర్‌లా అల్లిన గరుకు టై, అయితే ముడి నిలుస్తుంది.

ఈ సంగతి దిలీప్‌కు చెప్పేలోపే వాళ్ల నాన్న వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.

"అమ్మా, నేను దిలీపు తండ్రిని. అప్పన్న. నేను కట్టిన ముడి జెట్టీ దాటేసరికి వదులైపోతందంట. ఓపాలి సూపిస్తావా?"

చూపించాను. షాపులోని బొమ్మకు కట్టి, విప్పి, మళ్లీ కట్టాడు. కుదిరింది. కానీ వెళ్లలేదు.

"మావోడు నిన్నేటో నేర్పమన్నాడంట."

"అవునండి."

"నేర్పకమ్మా."

నేను ఆయన వైపు చూశాను. ఆయన బొమ్మ మెడలోని టైనే చూస్తున్నాడు.

"ఆ పొద్దు బోటు మీద ఇంజను కాడ నేనే ఉన్నాను. వల లాగే మిసను, ఆ వించికి తాడు సుట్టుకుంటంటే ఆడు సరిసేస్తన్నాడు. నేను సూసుకోకుండా లివరు లాగేసినాను. అప్పట్నుంచి ఆడు నన్నొక్క మాటనలేదు. తిట్టినా బాగుణ్ను. మాటే తగ్గిపోనాది. పొద్దున్న టై కట్టినప్పుడు మాత్రం గెడ్డం పైకెత్తి నా ఎదర నిలబడతాడు. ఆ కాసేపే నాకు. అదీ పోతే ఇంకేటి మిగుల్తాది?"

"వేటకు వెళ్లడం లేదా?"

"వేటకెల్తే తెల్లారకుండా ఎల్లిపోవాల. ఆడికి టై ఎవులు కడతారు?"

ఆయన వెళ్లాక చాలాసేపు పని సాగలేదు. "మెడ ఆ అబ్బాయిది, అడిగిందీ అతనే. నేర్పెయ్," అన్నారు మా ఆయన. న్యాయమే. కానీ గుమ్మం దగ్గర వంగి చెప్పులు తొడుక్కుంటున్న ఆ మనిషి నా కళ్ల ముందు నుంచి కదల్లేదు.

దిలీప్ వచ్చినప్పుడు ఇంకా సరిగ్గా కుదరలేదని దాటవేశాను. అతను కాసేపు నా ముఖం చూసి, "నాన వచ్చాడా దీదీ?" అన్నాడు. అబద్ధం ఆడలేకపోయాను.

స్టూలు మీద కూర్చున్నాడు. "నేర్పొద్దన్నాడు కదా. నాకోసం కాదు దీదీ, ఆయన కోసమే అడిగాను. సముద్రం మానేశాడు. పగలంతా వలలు బాగుచేస్తాడు, సాయంత్రం జెట్టీ మీద కూచుని బోట్లు చూస్తాడు. మా మామ బోటులో ఆయన జాగా ఇంకా ఖాళీగానే ఉంది. నా టై కోసం ఉండిపోతున్నాడు. నాకు వచ్చేస్తే ఎల్తాడు."

"ఈ మాట ఆయనతో అన్నావా?"

"ఎలా అంటాను దీదీ? ఏ మాట మొదలెట్టినా అది ఈ చెయ్యి దగ్గరికే వస్తాది."

అప్పుడు నాకు చెయ్యవలసింది తోచింది. "నేర్పుతాను. కానీ ఈసారి నాన్నను వెంటబెట్టుకుని రా. ఆయన ఎదుటే నేర్పుతాను," అన్నాను.

వచ్చారు. బయట జోరున వాన, సందులో మనిషి లేడు. మా ఆయన కుట్టుపని తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయారు. దిలీప్ అద్దం ముందు నిలబడ్డాడు. ముదురాకుపచ్చ నిట్ టై మెడలో వేసి, క్లిప్పు బిగించడం చూపించాను. మొదటిసారి వెడల్పు కొస చేతిలోంచి జారిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు, మడతలో ఇరుక్కుంది. అప్పన్న చేతులు వాటంతటవే పైకి లేచాయి.

"ఉండు నానా," అన్నాడు దిలీప్.

చేతులు దిగాయి. మరోసారికి ముడి పడింది. కొంచెం వంకరగా, కానీ నిలిచింది. దిలీప్ అద్దంలో చూసుకోలేదు, తండ్రి వైపు తిరిగాడు.

"వంకరగుంది," అన్నాడు అప్పన్న.

"ఉండనీ. రేపటికి సరవుతాది. నువ్వు బోటెక్కు నానా."

అప్పన్న చూపు కొడుకు చొక్కా చేతికి పెట్టిన పిన్ను మీదికి పోయింది.

"ఆ పొద్దు నేను లివరు..."

"తెలుసు. లివరు నువ్వు లాగావు. చెయ్యి నేను పెట్టాను. ఇద్దరం ఉన్నాం అక్కడ."

"నా మీద కోపం నేదా నీకు?"

"ఉండేది. హాస్పిటల్లో చాలా ఉండేది. ఎవరితో చెప్పుకోవాలో తెలీలేదు. ఇప్పుడు నువ్వలా జెట్టీ మీద కూచుంటే వస్తాది."

అప్పన్న నేల మీదే చతికిలబడి, భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుపు బయటికి వినిపించలేదు, భుజాలు మాత్రం కదిలాయి. నేను వీధి వైపు తిరిగాను. మళ్లీ ఇటు చూసేసరికి దిలీప్ మోకాళ్ల మీద కూర్చుని తండ్రి మెడ చుట్టూ చెయ్యి వేసి ఉన్నాడు. వాళ్లకు ఎంతసేపు కావాలో అంతసేపు ఉండనిచ్చాను.

అప్పన్న మర్నాడేమీ బోటెక్కలేదు. ఆ తర్వాతా చాలా రోజులు ఎక్కలేదట. కొడుకు కట్టుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసేవాడట. వానలు తగ్గాక ఒక తెల్లవారుజామున ఎవరినీ లేపకుండా వెళ్లిపోయాడు. "లేచి చూస్తే వల లేదు దీదీ," అని చెప్పడానికే దిలీప్ డ్యూటీకి పోతూ షాపుకు వచ్చాడు. ఆ రోజు ఏమీ కొనలేదు. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

అతనిప్పుడూ అదే హోటల్లో ఉన్నాడు. అయిదో టై తనే ఎంచుకున్నాడు, నా సలహా అడగలేదు. గాలివాన హెచ్చరికతో బోట్లు ఒడ్డునే ఉండిపోయిన పొద్దుల్లో మాత్రం టై తండ్రి కడతాడు. ఆయన ముడి చిన్నగా, గట్టిగా ఉంటుంది. చూడగానే పోల్చుకోగలను.

షాపులో కూర్చున్న మనిషికి వచ్చినవాళ్లు ఏదో ఒక మాట చెప్పిపోతూనే ఉంటారు. బట్ట కొలుస్తుంటే, అద్దం ముందు నిలబడితే, మనుషులు ఇంట్లో అనలేనిది ఇక్కడ అంటారు. దాన్ని నా కడుపులో దాచుకోవడమే మర్యాద అని అన్నేళ్లూ అనుకున్నాను. చాలా మాటల విషయంలో ఇప్పటికీ అదే నిజం. కానీ కొన్ని మాటలు నా దగ్గర ఉండవలసినవి కావు. అవి చేరవలసిన మనిషి ఒకరుంటారు. అలాంటప్పుడు నేను చెయ్యగలిగింది ఆ ఇద్దరినీ ఒక చోట నిలబెట్టి, నేను పక్కకు తప్పుకోవడం.