మాచర్ల దాటని రైలు

నా చిన్నప్పుడు రైలుపట్టాలు మా ఊళ్ళోనే అయిపోయేవి. గుంటూరులో బయలుదేరిన బండి పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా దుమ్ము కొట్టుకుంటూ వచ్చి మాచర్లలో ఆగేది. ఆ తరవాత పట్టాలు లేవు. ప్రపంచం కూడా లేదనే మా వీధి పిల్లలం చాలాకాలం అనుకున్నాం. పట్టాలు అక్కడితో ఆగిపోవడం వల్ల నాకు జరిగినంత మేలు ఇంకెవరికీ జరిగి ఉండదు. అది చెప్పాలంటే ముందు నేను డాబా మీంచి పడాలి.

మా ఇంటి కప్పూ నాపరాళ్ళే, వాకిలీ నాపరాళ్ళే. నాలుగో తరగతిలో ఉండగా, ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి పైకెక్కి, పై నాపరాళ్ళ మీంచి కింది నాపరాళ్ళ మీదికి తలకిందులుగా వచ్చాను. రాయికేమీ కాలేదు. నాకు కాసేపు తెలివి తప్పింది. తెలివొచ్చాక ఆ పొద్దంతా వాంతులు. ఆసుపత్రి కాంపౌండరు తల తడిమి చూసి, ఎముక బాగానే ఉంది, లోపల అదిరింది, కొన్నాళ్ళు పడుకోబెట్టండి అన్నాడు.

అదిరింది సర్దుకోవడానికి తొందరేమీ పడలేదు. వెలుగు చూస్తే తలనొప్పి. దొడ్లోకి వెళ్ళి వస్తే శ్రీశైలం నడిచి వచ్చినంత అలుపు. అమ్మ జడ వేస్తుంటే, జడ పూర్తయ్యేలోపే నిద్రపోయేదాన్ని. అంతవరకైతే భరించవచ్చు. రెండోది వేరే ఉంది. ఎక్కడో బిందె పడ్డా, ఏమీ పడకపోయినా, ఉన్నట్టుండి చేతులు చల్లబడేవి. గుండెలో ఎవరో రోకలి వేసినట్టుండేది. ఊపిరి అందేది కాదు. చచ్చిపోతున్నానని నాకు గట్టి నమ్మకం కలిగేది. కాసేపటికి చచ్చిపోకుండానే లేచి కూర్చునేదాన్ని. మళ్ళీసారి అంతే నమ్మకంగా మళ్ళీ చచ్చిపోయేదాన్ని. అనుభవం నుంచి నేర్చుకోవడం నాకింకా అలవాటు కాలేదు.

దడుపు అన్నది అమ్మ. తాయెత్తు కట్టించింది. పక్కింటి అత్తయ్య వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. ఆమె రోజూ వచ్చి నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. తాయెత్తూ ప్రార్థనా నా దగ్గర ఏ గొడవా లేకుండా కలిసే ఉన్నాయి. దడుపు కూడా వాటితో కలిసే ఉంది.

బడికి పంపి చూశారు. మా బడిగంట వేపకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని ఇనప కడ్డీతో కొట్టగానే నాకు దడుపు వచ్చేసేది. క్లాసు మధ్యలో లేచి ఇంటికి పరిగెత్తుకొచ్చాను. మరోసారీ అదే పని చేశాక, ఇంక బడి చాల్లే అన్నాడు నాన్న. ప్రేమతోనే అన్నాడు. కాని ఒకసారి బడి మానిన ఆడపిల్లను తిరిగి పంపే అలవాటు మా వీధిలో ఎవరికీ లేదు. పలక అటక ఎక్కితే తరవాతి మెట్టు పెళ్ళిచూపులే.

ఆ మాట విన్న మా నాయనమ్మ నన్ను పక్కకు పిలిచింది. సాయంత్రం టేషనుకు రమ్మన్నది. ఆమె జన్మలో రైలెక్కలేదు. ఎక్కితే ఎక్కడికో ఒక చోటికి పోవాల్సి వస్తుందని ఆమె అభ్యంతరం. చూడటానికి మాత్రం, కొందరు గుడికి వెళ్ళినట్టు, వెళ్ళి చూసి వచ్చేది.

బండి కనపడకముందే కూత వినపడింది. దాంతోపాటే నా దడుపూ వచ్చింది. నాయనమ్మ చెంగు రెండు చేతులా పట్టుకున్నాను. ఇలాంటప్పుడు అందరూ ఏమైందే, ఏమైందే అని నన్ను కుదిపేసేవాళ్ళు. ఏమీ కాలేదు గనక నాకు జవాబు దొరికేది కాదు. నాయనమ్మ అలా అడగలేదు. పట్టాల వంక చూస్తూనే, "యాడదాకా వచ్చింది?" అన్నది.

రైలు సంగతేమో అనుకున్నాను. కాదు. ఆమె వేళ్ళు నా మణికట్టు మీద ఉన్నాయి.

"చేతులు చల్లబడ్డయ్," అన్నాను.

"అయితే ఇంకా పిడుగురాళ్ళే. చానా దూరముంది. ఇప్పుడు?"

"గుండె దడదడమంటంది."

"గురజాల. రానీ."

"ఊపిరాడటంలా నాయనమ్మా!"

"రెంటచింతల. ఆ ఎండకి ఆడ ఎవురికీ ఊపిరాడదులే. తరవాత మాచర్లేగా. మాచర్ల దాటి యాడికి పోద్దే? పట్టాలుండయ్యా?"

అప్పటికి బండి వచ్చి ఆగింది. ఇంజను పెట్టెల నుంచి విడిపోయి, పట్టాల చివరన ఉన్న గుండ్రటి గుంట దగ్గరికి వెళ్ళి, గుంట మీద పరిచిన ఇనప వంతెన ఎక్కి నిలబడింది. మా ఇంటికంటే పెద్దది, పొగలు కక్కేది, భూమిని వణికించుకుంటూ వచ్చింది. ఇద్దరు మనుషులు తలపాగాలు సర్దుకుని, వంతెనకున్న దూలానికి భుజాలానించి నెట్టారు. అంతే. ఆ నల్లకొండ చప్పుడు లేకుండా తిరగడం మొదలుపెట్టింది. తిరగలి తిరిగినంత నెమ్మదిగా తిరిగింది. నా వైపు చూస్తున్న దాని ముఖం పక్కకు మళ్ళి, ఇంకా మళ్ళి, గురజాల వైపు చూసింది. వాళ్ళెవరూ దాన్ని ఆపలేదు, తిట్టలేదు, దానికి తాయెత్తు కట్టలేదు. అదే వచ్చింది, అదే ఆగింది, చివర్లో భుజం ఆనించారు. ఆ తరవాత నేను చాలా పెద్దపెద్దవి చూశాను. నోరు అంత తెరిచి మాత్రం దేన్నీ చూడలేదు.

కాసేపటికి గమనిస్తే నా ఊపిరి దాని మానాన అది ఆడుతోంది. ఎప్పుడు తిరిగొచ్చిందో నేను చూడలేదు.

ఇంజను ఒక లావుపాటి గొట్టం కింద నిలబడి నీళ్ళు తాగుతోంది. "చూశా?" అన్నది నాయనమ్మ. "అంత లావుదే నీళ్ళు తాగి, కూసేపు ఆగి పోద్ది. పొద్దుగూకులు పడుకుంటన్నానని నువ్వు సిగ్గుపడతావేందే?"

ఆ సంతోషంలో ఇంటికి పరిగెత్తి, అమ్మా, ఇంజను నీళ్ళోసుకుంది అని అరిచాను. మా ఇళ్ళల్లో ఆడది నీళ్ళోసుకుందంటే కడుపుతో ఉన్నట్టు. "ఎన్నో నెలమ్మాయ్?" అన్నది పక్కింటి అత్తయ్య, నేను రాకముందే నాకోసం మొదలెట్టిన ప్రార్థన మధ్యలో ఆపి. నేను పడ్డనాటి నుంచి అమ్మ నవ్వడం అదే మొదలు.

రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ నాన్నతో, "ఒరేయ్, రైలొచ్చినప్పుడల్లా టేషను మూసేసుకుంటారంట్రా?" అన్నది. నాన్న చాలాసేపు మజ్జిగ తాగాడు. మర్నాడు పలక అటక మీంచి దిగింది.

ఆమె నాతో బడికి కూడా వచ్చి, మాస్టారికి ఇంజను నీళ్ళు తాగే సంగతి వివరించి, మధ్యాహ్నం పూట బల్ల మీద తల వాల్చుకునేందుకు నాకు సెలవు పుట్టించింది. ఆ బళ్ళో పాఠం జరుగుతుండగా నిద్రపోయే హక్కు ఇద్దరికే ఉండేది, మాస్టారికీ నాకూ. గంట కొట్టినప్పుడు బల్ల అంచు పట్టుకుని, ఏ ఊరు దాటిందో లోపల చెప్పుకునేదాన్ని. మాచర్ల వచ్చేదాకా లేచేదాన్ని కాదు. మొదటిసారి అది చేసిన రోజున లెక్కలు తప్పాయి గాని, ఆ రోజంత గొప్పగా ఇంకెప్పుడూ ఇంటికి రాలేదు. నా లోపల రోజూ వచ్చే బండి మెల్లగా వారానికొకటి అయింది. తరవాత తిరునాళ్ళ స్పెషలు అయింది.

కాలేజీ సెలవుల్లో ఒకసారి, నీకిదంతా ఎట్లా తెలుసు నాయనమ్మా అని అడిగాను. చింతకాయ దంచుతూ, తలెత్తకుండా, "మీ తాత పోయినాక నాకూ వచ్చేదిలే," అన్నది. ఆమె ఏళ్ళ తరబడి ఎక్కని రైలును చూడటానికి ఎందుకు వెళ్ళేదో నాకప్పుడు తెలిసింది. ఆ గుంట పక్కన ఆమె ఒక్కతే నిలబడి తనకు తాను చెప్పుకున్న మాటే నాకిచ్చింది. ఆమెను మాత్రం యాడదాకా వచ్చిందని అడిగినవాళ్ళెవరూ లేరు.

ఇప్పుడు ఆ దడుపుకి ఇంగ్లీషులో మంచి పేరుంది. డాక్టర్లు చెబితే మర్యాదగా వింటాను. మొన్న గుంటూరులో ఏదో పరీక్షకని తలను యంత్రంలోకి తోస్తుంటే పాత బండి కూత వినపడింది. కుర్ర డాక్టరు వంగి, "ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"రెంటచింతల," అన్నాను.

మా ఊరనుకుని రాసుకున్నాడు. నేను దిద్దలేదు. ఇంకొక్క స్టేషనే కదా, దిగాక చెబుదామని కళ్ళు మూసుకున్నాను.