ఒక్క పూట పెట్టుకున్న బొట్టు

"గా ప్రార్థనమ్మను జర ఇటు పిలువే."

"ఊకోరాదు. పక్కన పెద్దమనిషున్నడు."

నా పెనిమిటికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఇంతకంటే మంచి మాటలు అనుకున్నామని చెప్పుకోవడానికి లేదు. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా చెల్లె బిడ్డ రాస్తోంది.

మా తలుపు పైన యేసుప్రభువు వాక్యం రాసిన రేకు పలక ఉండేది. మక్తల్ దిక్కు పత్తి ఏరడానికి పోయినప్పుడు ఊరు కొత్త, మనుషులు కొత్త. ఒక ఇంటికి అలాంటి పలకే కనిపిస్తే ఈయన ధైర్యంగా "వందనాలమ్మా" అన్నాడు. ఆ ఇంటామె మా కులం అడగలేదు. ముందు చెంబుతో నీళ్లిచ్చింది, పండుకోవడానికి అరుగు చూపించింది, ఏ ఊరని తర్వాత అడిగింది.

"పలక చూసి వచ్చినరా? గందుకే గదా పెట్టింది!" అని నవ్వింది.

అటువంటి పలకను మా చేతులతోనే పీకేశాం. బిడ్డ కాలేజీ సీటుకు ఎస్సీ సర్టిఫికెట్ కావాలి. చర్చికి పోయేవాళ్లమని తేలితే అది రాదు. విచారణకు ఆఫీసాయన వస్తున్నాడని తెలిసి, ఈయన పలకను బియ్యం డబ్బా వెనక దాచాడు. తర్వాత నన్ను చూశాడు.

"నుదురు బోసిగుంటే ఎట్లనే? జరంత పెట్టుకో, ఒక్క పూటకే."

పక్కింట్లో కుంకుమ అడిగి తెచ్చుకున్నాను. అద్దంలో ఎవరో పరాయి ఆడమనిషి కనిపించింది.

"మస్తున్నవ్ తియ్యి. కొత్త పెండ్లాం దొరికినట్టున్నది," అని ఎగతాళి చేశాడు.

ఊళ్లో భూమున్న పెద్దమనిషి ఒకాయన మేము హిందువులమేనని సాక్షి సంతకం పెట్టాడు. ఆఫీసాయన జీపు మలుపు తిరిగిందో లేదో ఈయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆ పెద్దమనిషే ఆటో పిలిచి, నల్గొండ దాకా మా వెంట వచ్చాడు. మంచి చేసినవాడే, కాదనను. కానీ దవాఖానలో మంచం పక్క నుంచి కదల్లేదు.

ఆ వార్డులో తెల్లచీర కట్టుకుని, జిప్పు కవర్ బైబిలు చంకలో పెట్టుకుని ఒకామె తిరుగుతోంది. బొట్టు లేని ఆడవాళ్లు కనిపిస్తే "వందనాలక్కా, మీదే సంఘం?" అంటూ ఆగుతోంది. పక్క మంచం వాళ్లకు ప్రార్థన చేసింది, టిఫిన్ డబ్బా విప్పి అన్నం పెట్టింది. మా దగ్గరికి వచ్చి, నా నుదురు చూసి, మర్యాదగా దాటిపోయింది. అప్పుడే ఈయన పిలవమన్నాడు. సాక్షి ముందే మా గుట్టు బయటపడితే బిడ్డ సీటు పోతుందని నా భయం. ఊకోమన్నాను. ఇంకోసారి అడగలేదు. ముఖం గోడ దిక్కు తిప్పుకున్నాడు. మళ్లీ నా దిక్కు తిప్పలేదు.

ప్రాణం పోయాక నా నోట్లోంచి "యేసయ్యా" అని అరుపు వచ్చింది. ఆమె ఆ మూల నుంచి ఉరికొచ్చింది.

"అయ్యో, మీరు మనోళ్లా అక్కా? పొద్దటిసంది గీన్నే తిరుగుతున్న గదా! ఒక్క మాటన్న అనకపోతివి!"

నేను పెద్దమనిషి ముఖం చూశాను. ఆయన తల దించుకుని నెమ్మదిగా అన్నాడు:

"మాకు తెల్వదా అమ్మా, ఆదివారం మీరు యాడికి పోతరో? తెలిసే సంతకం పెట్టిన."

ఎవరికి భయపడి నా పెనిమిటి నోరు మూశానో, ఆ మనిషికి అంతా ముందే తెలుసు.

సర్టిఫికెట్ వచ్చింది. బిడ్డ చదువుతోంది. ఇప్పుడు బోసి నుదురుతో, తెల్లచీరలో బస్సెక్కితే ఎవరో ఒకరు "వందనాలమ్మా" అని జరిగి జాగా ఇస్తారు. కూర్చుంటాను. వాళ్ల తప్పేం లేదు. కానీ ఆ వందనం నా గొంతు దిగదు. అది ఈయనకు అందవలసింది.

ఏడుస్తున్నవెందుకు బిడ్డా? కాలేజీ సీటు ముచ్చట రాసినవా? అది కొట్టెయ్యి, నా బిడ్డ చూస్తే తన మీదేసుకుంటది. వద్దు, ఉండనియ్యి. మొదటిసంది సదువు, ఇంటా.