పడవలోకి వెళ్లే ఫోన్

సూళ్లూరుపేటలో మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఆమె పెద్ద. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. అందరం ఆమెను అక్క అనేవాళ్లం. నాది ఒకప్పుడు నాలుగు ఊళ్ల మాగాణి ఉండి, ఇప్పుడు ఇంటిపేరు మాత్రమే మిగిలిన కుటుంబం. ఎవరు ఏ ప్రోగ్రాం చూపించినా అక్క, "ఏ ఫోన్లో ఆడతాది?" అని అరచేయి చాపేది.

చేపల వేటకు వెళ్లేవాళ్లకు గాలి హెచ్చరిక చూపే ప్రోగ్రాం నేను రాశాను. వాకాడు దగ్గర పల్లెలో ఇంటింటికీ తిరిగి, వాళ్ల కొత్త ఫోన్లు చూసి, వాటి హంగులన్నీ వాడుకుని రాశాను. దాన్ని ఆ పల్లెలో చూపించడానికి ఇద్దరం వెళ్లిన రోజు అక్క నవ్వింది.

"మంచి ఫోన్ ఇంట్లో పెట్టి పోతారు దొరా. పడవలోకి పోయేది ఇదీ."

పక్కనున్న జాలరి పెద్దాయన నడుముకు కట్టుకున్న ప్లాస్టిక్ కవరు విప్పితే, అందులో అద్దం పగిలిన పాత ఫోన్ ఉంది. నా ప్రోగ్రాం దానిలో తెరుచుకోనే లేదు.

"ఇంట్లో ఆడోళ్లకి గాలి చెప్పేదానికి బాగుంది సామీ," అన్నాడాయన.

రాసింది చెరపడం నాకు తలవంపులనిపించింది. అక్క నా పక్కన కుర్చీ వేసుకుంది. హంగులు తీసేసి, ఏ ఫోన్‌లోనైనా నడిచేలా ఇద్దరం మళ్లీ రాశాం.

మొదటి హెచ్చరిక వెళ్లిన రోజు గాలి లేవకముందే పడవలన్నీ తిరిగొచ్చాయి. నేను ఒడ్డున నిటారుగా నిలబడి చూస్తున్నాను.

"చూసింది చాలు, ఒక చెయ్యేయండి సామీ!" అని పడవను తాడుతో ఒడ్డుకు లాగుతూ పెద్దాయన కేకేశాడు.

మా వంశంలో పడవ తాడు పట్టినవాళ్లు లేరు. చెప్పులు విప్పి, అప్పటికే తాడు పట్టుకున్న అక్క వెనక నిలబడి లాగాను.