గోడ వెనక పెట్టిన అన్నం

ఇక్బాలున్నీసాకు ఒక పట్టుదల ఉండేది. ఇంట్లో అన్నం మెతుకు చెత్తడబ్బాలో పడకూడదు. కడపలో వాళ్ళమ్మ జైనబీ కింద రాలిన మెతుకులు కూడా ఏరించి పిట్టలకు పెట్టించేది. 1988లో చంకలో పసిబిడ్డతో మస్కట్‌ వచ్చినప్పుడు ఆ అలవాటూ వెంట వచ్చింది. అక్కడ దార్సైట్ పేటలో ఫ్లాట్‌లో ఉన్నన్నాళ్ళూ దానివల్ల పెద్ద నష్టమేం లేదు. పావురాలు తినిపోయేవి, కింది వాటావాళ్ళు గొణిగేవాళ్ళు.

భర్త నిసార్ అహ్మద్ ఘాలాలో లారీలు బాగుచేసే గ్యారేజీలో ఫోర్‌మన్. కూతురు నాదియా ఆడుకోవడానికి చోటు కావాలని అల్ హైల్ చివర, పెరడున్న చిన్న ఇంటికి మారారు. గోడ అవతల వాన వస్తేనే పారే వాగు, అక్కడివాళ్ళు వాదీ అంటారు, దాని నిండా రాళ్ళు, తుమ్మచెట్లు. నాదియా ఎనిమిదో పుట్టినరోజుకు ఒక తెల్ల కుందేలును కొనిచ్చారు. పేరు చాంద్. నిసార్ చెక్కలతో, ఇనుప జాలీతో బోను చేశాడు. చాంద్ కాళ్ళ కింద మట్టే ఉండాలని పిల్ల మారాం చేస్తే బోనుకు అడుగుచెక్క వెయ్యలేదు. సాయంత్రం గొళ్ళెం వేసే పని నాదియాది.

మిగిలిన అన్నం, మాంసం బొక్కలు ఇక్బాలున్నీసా గోడ వెనక ఒక రాతి మీద పెట్టేది. పిల్లుల కోసమని పేరు. ఆ చలికాలం ఒక నక్క రావడం మొదలుపెట్టింది. పెద్ద చెవులు, ఎండిపోయిన ఒళ్ళు. దాన్ని చూస్తే ఆమెకు జాలి. దాచడమెందుకు, కొంచెం గర్వం కూడా. ఆమె వంట అంత ఆబగా తినేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు!

నిసార్ చూశాడు. "నువ్వే దానికి ఇంటి దోవ చూపిస్తాండావు. కుందేలుండే ఇల్లు ఇది."

"అన్నం పారేస్తే పాపం తగలదా? గోడ అవతలే తిని పోతాది. మీకేం కష్టం?"

"శుక్రవారం సెలవు గదా, బోనుకు అడుగున జాలీ కొడ్తా. అంతవరకన్నా పెట్టాకు."

సరేనంది. గురువారం బిర్యానీ చేసింది. బొక్కలు మిగిలాయి. ఈ ఒక్కరోజుకేమవుతుందిలే అని పెట్టేసింది.

తెల్లారి అందరికంటే ముందు పెరట్లోకి వెళ్ళింది ఆమే. బోనులో చాంద్ కనబడలేదు. లోపల మూలనున్న డబ్బాలో దాక్కుందేమోనని గొళ్ళెం తీసి వెతికింది. డబ్బాలో తెల్లబొచ్చు తప్ప ఏమీ లేదు. వెనకవైపు చూస్తే చెక్క కింద గుంత, గోడ మీద మట్టి పాదాల గుర్తులు. నిసార్ చెప్పిన మాట చెవిలో గింగురుమంది. అతని చేత తిట్లు తినాల్సొస్తుందనే భయంతో, ఏం చేస్తోందో తెలిసే, ఆ గుంతను కాలితో పూడ్చి చదును చేసింది. గోడను కొంగుతో తుడిచింది.

నిసార్ వచ్చి చూసేసరికి బోను తలుపు బార్లా తెరిచి ఉంది.

"గొళ్ళెం వెయ్యమని ఎన్ని తూర్లు చెప్పినా నీకు?" అని కూతురి మీద విరుచుకుపడ్డాడు.

"వేసినా అబ్బా..." అంది నాదియా తండ్రితో. తర్వాత బోను వంక చూసి, "మర్చిపోయినానేమో," అంది.

అప్పుడు ఇక్బాలున్నీసా ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె వంటింట్లోకి వెళ్ళి చాయ్ పెట్టింది.

ఆ రోజు నుంచి పిల్ల తీరు మారింది. కుళాయి కట్టేసి మళ్ళీ వెళ్ళి చూసేది. స్కూలుకు బయల్దేరి, తలుపు గడియ చూడ్డానికి వెనక్కొచ్చి బస్సు పోగొట్టుకునేది. "నేను వేసినా గదా? నువ్వు చూసినావు గదా?" అని అన్నిటికీ తల్లిని సాక్ష్యం అడిగేది. ఇక్బాలున్నీసా "చూసినాలే" అని ఏదో ఒక పనిలో పడేది. రాతి మీద అన్నం పెట్టడం మానేసింది. మిగిలింది ఆకలి లేకపోయినా తానే తినేది, ఎంగిలి బొక్కలు పెరట్లో పూడ్చేది. ఇవన్నీ చేసింది గాని, చెప్పాల్సినది మాత్రం చెప్పలేదు.

రంజాన్ దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం, గేటు చూసి వచ్చిన నాదియా మళ్ళీ గేటు చూడ్డానికి లేచింది. తల్లి ఇక ఓర్చుకోలేక పిల్ల చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నువ్వు గొళ్ళెం వేసినావు బిడ్డా. తీసింది నేను. నేను అన్నం పెట్టి నక్కకు ఇల్లు అలవాటు చేసినా, అది బోను కింద తవ్వి చాంద్‌ను ఎత్తుకపోయింది. మీ అబ్బా తిడ్తాడని గుంత పూడ్చేసినా. పాపం నాది, నీది కాదు."

మాట పూర్తి కాకుండానే ఏడ్చేసింది. నాదియా ముఖంలో కోపం వస్తుందని, కనీసం పిల్ల మనసు కాస్త తేలికపడుతుందని తల్లి ఆశగా చూసింది. నాదియా యూనిఫాం చొక్కా చేతితో ఆమె చెంపలు తుడిచింది.

"నా కోసం అబద్ధం చెప్పాకు అమ్మీ. ఏడవాకు. నేను ఇంగెప్పుడూ మర్చిపోను," అని లేచి, గేటు చూడ్డానికి వెళ్ళింది.