బంగారుపాళ్యం మట్టిలో ‘బంగారిన్’

మట్టిలో ఎవరికీ దొరకని రంగును కనిపెట్టి, దానికి పేరు పెట్టి, ఆ పేరును మధ్యాహ్నం భోజనం దాకా కూడా బతికించుకోలేని ఘనుడిని నేను. కొంప మెల్లగా మునుగుతుంది, కాస్త ఓపిక పట్టండి.

తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. కుళ్లిన ఆకూ అలమూ మట్టిలో వదిలే రంగులను వేరుచేయడం నా ప్రాజెక్టు. బంగారుపాళ్యంలోని మా మామిడితోట మట్టిని ఆల్కహాల్‌లో నానబెట్టి వడకడితే పసుపురంగు దిగింది. క్షారం చుక్క వేస్తే ఎర్రబడింది. ఆమ్లం వేస్తే మళ్లీ పసుపు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. అంటే, నేను తెరిచిన రెండింటిలోనూ లేదు. మా ఊరి మీద గౌరవంతో ‘బంగారిన్’ అని నామకరణం చేశాను. మధ్యాహ్నం సెమినార్‌లో, బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు ప్రకటించాలి. అది చెడితే డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి.

ముందుగా మా గైడ్ మేడంకు చూపించాను. ఆమె టెస్ట్‌ట్యూబును చూసి, నన్ను చూసి, మళ్లీ ట్యూబునే చూశారు. ఇద్దరిలో దానిమీదే నమ్మకం ఎక్కువ ఉన్నట్టుంది.

“మట్టి దేంట్లో తెచ్చినావప్పా?”

“కవరు చినిగిపోయింది మేడం. మాయమ్మ నగరి నేత తువ్వాలిస్తే దాంట్లో మూటగట్టినా. కొత్తది, శుభ్రంగా ఉండాది.”

“కొత్తదా. మూలలకు పసుపు పెట్టిందా?”

“పెట్టకుండా కొత్తగుడ్డ ఎట్ల ఇస్తాది మేడం?”

ఈ మాట నా నోరు దాటాకే నా చెవికి చేరింది.

మూలల పసుపు అంటని మూట నడిమి మట్టి తీయించి, అదే పరీక్ష మళ్లీ చేయించారు. ఏదీ రంగు మారలేదు, నా ముఖం తప్ప.

“సెమినార్‌లో ఏం చెప్పేది మేడం?”

“బంగారిన్ గురించే చెప్పు. నమూనా ఎట్ల చెడింది, ఎట్ల పట్టుకున్నాం, అంతా చెప్పు. దాచినావంటే నేనే లేసి అడుగుతా.”

“నవ్వుతారు మేడం.”

“నవ్వనీలేప్పా. నవ్వేటోళ్లు ఫెయిల్ చెయ్యరు.”

చెప్పాను. ఎగ్జామినర్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, పాస్ చేశారు. మేడం ఆ మూలల సంగతి అడగకపోయుంటే ఆయన నవ్వకుండా ఫెయిల్ చేసేవారు.

ఫోన్ చేస్తే అమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. “మంచి జరగాలనే కదా నాయనా పసుపు పెట్టింది. జరగలేదా, నువ్వే సెప్పు?”

కాదని తేల్చే పరీక్ష కెమిస్ట్రీలో లేదు. అమ్మకూ, మేడంకూ మనసులోనే మొక్కి ప్రతిజ్ఞ చేశాను: అమ్మ చెయ్యి తగిలినదేదీ ఇక నా ప్రయోగాల దరిదాపులకు రానివ్వను. పులిహోర క్యారియరుకు మాత్రం మినహాయింపు. అందులో బంగారిన్ ఉంటుందని తెలిసే తింటున్నాను.