కొత్త వెర్షన్ ఎక్కించిన మర్నాడు

ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పేరు పక్కన అంకె పెరిగిందంటే అది మునుపటికన్నా గొప్పదేనని నేను నమ్మిన రోజులవి. భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో కొత్తగా చేరాను. నీళ్ల రిపోర్టులు మా వెబ్‌సైట్‌లో పెడితే రైతులు ఫోన్‌లో చూసుకునేవారు. ఆ సైట్‌ను నడిపే వెబ్ సర్వర్ ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని వాడుకోగలిగే సాఫ్ట్‌వేరే గానీ, మాది మరీ పాత వెర్షన్. నా పైఅధికారికి మేం పెట్టుకున్న పేరు నిదానంగారు (ఏం చెప్పబోయినా ముందు “నిదానమమ్మా” అనేవారు). “పాతదానికి ఇక మరమ్మతులు రావండి, ఎవడైనా చొరబడితే ఆపలేం” అని నేను. “నిజమేనమ్మా, కానీ రైతుల ఫోన్లు ఎలాంటివో కనుక్కుని మారుద్దాం” అని ఆయన. నా పోరు పడలేక ఆయనే తగ్గారు. ఆదివారం సాయంత్రం కొత్తది ఎక్కించాను. మా ఇద్దరి ఫోన్లలోనూ పేజీ చక్కగా తెరుచుకుంది. ఇంటికెళ్లి అమ్మకు గొప్పగా చెప్పుకున్నాను (అమ్మ “అంటే ఏంటే?” అని అడిగి, జవాబు వినకుండానే పప్పు దింపడానికి వెళ్లిపోయింది).

మర్నాడు ఆఫీసు తలుపు తీసేసరికి ఫోన్ మోగుతోంది. నరసాపురం దగ్గరి రైతు ఒకాయన. “పేజీ తెల్లగా వస్తోందమ్మా. సీడ్ బండి గట్టు మీదుంది, రొయ్య పిల్లల్ని చెరువులో వదలమంటారా, వద్దంటారా?” విషయం అప్పుడు తట్టింది నాకు. పాత ఫోన్లు సర్వర్‌తో మాట్లాడే పద్ధతిని భద్రత కోసం కొత్త వెర్షన్ ఒప్పుకోవడం లేదు. గబగబా ఆయన రిపోర్టు తీసి చూశాను. “అమ్మోనియా బాగా ఎక్కువుందండి, వదలకండి!” అవతల “ఒరేయ్, దించకండ్రా! పక్క చెరువుకి పోనీండి!” అన్న కేక వినిపించింది.

ఆ ఫోన్ పెట్టానో లేదో ఇంకోటి. నిదానంగారు వచ్చి, విషయం విని, కుర్చీ లాక్కుని రెండో ఫోన్ అందుకున్నారు. మధ్యాహ్నం దాకా ఇద్దరం రిపోర్టులు చదువుతూనే ఉన్నాం. కాస్త తెరిపి దొరకగానే, “పాతదే పెట్టేస్తానండి” అన్నాను ఏడుపు గొంతుతో.

“వద్దమ్మా. దాని గురించి నువ్వు చెప్పింది నిజమే కదా. కొత్తదే ఉంచు. పాత ఫోన్లని కూడా కొన్నాళ్లు రానివ్వడానికి అందులో దారేదైనా ఉందేమో చూడు. ఈలోగా మనం చదువుదాం.”

దారి ఉంది. సాయంత్రానికి పేజీలు అందరికీ తెరుచుకున్నాయి. ఫోన్లు ఆగిపోయాయి, ఒక్కటి తప్ప. నరసాపురం ఆయన ప్రతి రిపోర్టుకీ ఫోన్ చేసేవారు. “పేజీ రావట్లేదాండీ?” అంటే, “శుభ్రంగా వస్తోందమ్మా. నువ్వు చదివితే ధైర్యంగా ఉంటుంది, చదువు” అనేవారు. ఆ ఉద్యోగం మానేసే దాకా చదివాను, ఒక్కసారి కూడా విసుక్కోకుండా. ఈ మాట చెబితే ఇప్పుడు మా ఇంట్లో ఒక్కరూ నమ్మరు.